పటంలోని రంగు, పదవిలోని అమానతు

నేల కదలదు. తాతల నాడు ఏ చెరువు గట్టు కింద, ఏ బాట పక్కన ఉండేదో నేటికీ అక్కడే ఉంటుంది. కదిలేది దాని విలువ. ఒక కార్యాలయంలో బల్ల మీద పరచిన పటంలో గీతను అంగుళం ఇటు జరిపితే ఒకరి పొలం బజారవుతుంది. అంగుళం అటు జరిపితే మరొకరి ఇల్లు రోడ్డు కిందికి పోతుంది. ఆ గీతను గీసే అధికారం ఒక అమానతు. దానిని మోసే వారి గురించి, దాని నీడలో బతికే మన కుటుంబాల గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మదరసాలో ఫిఖహ్ పాఠాలు చెప్పుకునేవాడికి మాస్టర్ ప్లాన్లతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. నేను బోధన మొదలుపెట్టిన రోజుల్లో జుమా నమాజు తర్వాత నా దగ్గరకు వచ్చే ప్రశ్నలు ఎక్కువగా నికాహ్, తలాఖ్, మహర్, జకాత్ చుట్టూ తిరిగేవి. మా పట్టణం నలువైపులా పెరిగి, చేలన్నీ ప్లాట్లయిన తర్వాత ప్రశ్నల తీరు మారింది. ‘మా వీధికి పార్కు కోసం వదిలిన స్థలంలో ఎవరో గోడ కట్టారు, అడిగితే పాపమా, అడగకపోతే పాపమా?’ అని ఒకరు. ‘ఆఫీసులో తెలిసినవాడు ముందే చెప్పాడు, ఆ పక్కన భూమి కొనవచ్చునా?’ అని మరొకరు. ‘మా ఖబరస్తాన్ గోడ మీదుగా రోడ్డు గుర్తు పెట్టారు, అవతల ఉన్న షెడ్డును మాత్రం తప్పించారు, ఎందుకు?’ అని ఇంకొకరు. జవాబు చెప్పాలంటే ముందు విషయం అర్థం కావాలి. అందుకే ఈ వయసులో నేనూ పటాలు చదవడం నేర్చుకున్నాను.

పటం చదవడం కష్టమేమీ కాదు. మాస్టర్ ప్లాన్‌లో సాధారణంగా పసుపు రంగు నివాస ప్రాంతానికి, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రజోపయోగ సంస్థలకు, ఆకుపచ్చ పార్కులకు, పచ్చదనానికి గుర్తు. ఇరవై ముప్ఫై సంవత్సరాల తర్వాత పట్టణం ఎలా ఉండాలో ఈ రంగులు ఇవాళే నిర్ణయిస్తాయి. మన రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతలను పన్నెండవ షెడ్యూలులో పద్దెనిమిదింటిగా లెక్కించింది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూవినియోగ నియంత్రణ. నీటి సరఫరా, పారిశుద్ధ్యం ఆ తర్వాతనే వచ్చాయి. వీధి దీపాల కోసం కౌన్సిలరును నిలదీసే మనం, ఆ జాబితాలో మొట్టమొదట ఉన్న విషయం గురించి ఎన్నడూ అడగం. ఎవరూ అడగని చోటనే పక్షపాతం నిశ్చింతగా కూర్చుంటుంది.

అది నాలుగు తలుపుల గుండా ప్రవేశిస్తుందని నాకు అర్థమైంది. మొదటిది ముందస్తు సమాచారం. రోడ్డు ఎటు వస్తుందో, ఏ సర్వే నంబరు రంగు మారుతుందో పదిమందికి తెలియకముందే కొందరికి తెలుస్తుంది. రెండవది గీత వంకర. రోడ్డు నిటారుగా వస్తూ వస్తూ ఒకరి మామిడితోట దగ్గర వంగి, అవతల నలుగురు పేదల ఇళ్ళ మీదుగా మళ్ళీ నిటారవుతుంది. మూడవది అభ్యంతరాల విచారణ. ఎవరి లాభం గురించి ఫిర్యాదు వచ్చిందో వారే దానిని వినే కుర్చీలో ఉంటారు. నాలుగవది అమలు. అదే నిబంధన కింద ఒకరి వరండా కూలుతుంది, ఇంకొకరి మూడంతస్తులు క్రమబద్ధం అవుతాయి. వీటిలో లంచమన్న మాట రాకపోవచ్చు. చేతులు మారిన నోట్లూ ఉండకపోవచ్చు. చుట్టరికం, స్నేహం, పార్టీ, కులం, మొహల్లా చాలు.

ఒక రంగు, ఒక గీత ఎంత పని చేస్తాయో మన రాష్ట్రాల చరిత్రలోనే చూడవచ్చు. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తిన తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. ఆ నీటిని కాపాడేందుకు 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలలో నిర్మాణాలపై గట్టి ఆంక్షలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దానిని నిపుణులకు వదిలేస్తాను. నేను చూసేది ఒక్కటే. ఆంక్ష ఉన్నంతకాలం ఎకరానికి ఒక ధర, అది పోతుందన్న మాట వినిపించిన రోజు నుంచి మరొక ధర. ఆ మాట ముందుగా ఎవరి చెవిన పడితే లాభం వారిది. ఆలస్యంగా తెలిసిన రైతు పాత ధరకే అమ్ముకుని ఉంటాడు.

ఇంకొక ఉదాహరణ కామారెడ్డి. 2023 జనవరిలో అక్కడి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంటభూములను పారిశ్రామిక ప్రాంతంగా చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కారు. కలెక్టరు కార్యాలయం ముందు పెద్ద ఆందోళన జరిగింది. ఒక రైతు ప్రాణాలు కోల్పోయాడు. ముసాయిదాను రద్దు చేయాలని మున్సిపల్ కౌన్సిల్ అదే నెలలో తీర్మానించింది. జగిత్యాలలో కూడా ఆ రోజుల్లోనే ముసాయిదాపై నిరసనలు లేచాయి. కాగితం మీద రంగు వేయడం తేలిక. ఆ రంగు కింద ఒకరి కూతురి పెళ్ళి, ఒకరి ముసలితనపు ధైర్యం, ఒకరి అప్పుల లెక్క ఉంటాయి. వారిని అడగకుండా వేసిన రంగు ఎంత నిపుణుడు వేసినా అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇవి ఆధునిక కాలపు సమస్యలని, పూర్వగ్రంథాలలో వీటికి జవాబు దొరకదని కొందరి అభిప్రాయం. నా అనుభవం వేరు. ‘హిమా’ అన్న పదం మన హదీసు పాఠాలలో వస్తుంది. ఇస్లాంకు పూర్వం అరబ్బు నాయకుడు తనకు నచ్చిన పచ్చికబయలులో దిగి, ఒక ఎత్తైన చోట కుక్కను మొరిగించేవాడని, ఆ అరుపు వినిపించినంత మేర మేత తన పశువులకే ప్రత్యేకించుకునేవాడని వ్యాఖ్యాతలు రాశారు. ఇతరులు మేపుకునే చోట తనకూ భాగం, తన చోట మాత్రం ఇతరులకు భాగం లేదు! దైవప్రవక్త (సఅసం) ఈ పద్ధతిని రద్దు చేశారు. హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ లేదని ప్రకటించారు. అంటే బంజరును ప్రత్యేకించవలసివస్తే అది ప్రజాహితం కోసమే జరగాలి, పెద్దమనిషి సొంతానికి జరగరాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ప్రభుత్వ పశువుల కోసం ఇలాంటి హిమా ఒకటి ఉండేది. దానికి హునయ్ అనే మనిషిని అధికారిగా నియమించారు. ఆయనకు ఇచ్చిన ఆదేశం సహీహ్ బుఖారీలో నమోదయింది. దాని సారాంశం ఇది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి మేకలు ఉన్నవాడిని లోపలికి రానివ్వాలి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) మందల విషయంలో మాత్రం జాగ్రత్త వహించాలి. ఎందుకంటే వారి పశువులు చనిపోయినా వారికి ఖర్జూరపు తోటలు, పంటపొలాలు ఉన్నాయి. పేదవాడి పశువులు చనిపోతే అతడు పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా గుమ్మం ముందు నిలబడతాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కన్నా ఇవాళ గడ్డి, నీరు ఇవ్వడమే తేలిక.

ఈ ఆదేశంలోని పేర్లను గమనించండి. వారిద్దరూ స్వర్గ శుభవార్త పొందిన సహాబాలు, ఖలీఫాకు అత్యంత ఆప్తులు. వారిలో దోషమున్నదని ఉమర్ (రజి) అనలేదు. కాపలాదారు మనస్తత్వం ఆయనకు తెలుసు. పెద్దవారి మంద వస్తుంటే అతడి చేయి దానంతట అదే కంచె తీస్తుంది, ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి చెప్పవలసింది పెద్దవారే. తన సన్నిహితుల పేర్లు పెట్టి మరీ, వీరికి ప్రత్యేకత లేదని చెప్పవలసింది వారే. నేటి చైర్మన్లు, కమిషనర్లు తమ పటాల శాఖకు ఇలాంటి ఒక్క వాక్యం చెబితే సగం వంకరలు సర్దుకుంటాయి.

రోడ్డు వెడల్పు గురించి కూడా హదీసు ఉంది. బాట విషయంలో తగవు వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (సఅసం) నిర్ణయించారు. అంటే దాదాపు పదిన్నర అడుగులు. ఆ కాలపు అవసరానికి అది చాలేది. ఈనాడు ముప్ఫై, నలభై అడుగులు కావాలి. కొలత మారుతుంది కానీ పద్ధతి మారదు. ఇరుపక్షాల బలాన్ని బట్టి కాకుండా అందరికీ ఒకే కొలత ముందే నిర్ణయమై ఉండాలి. కొలత ముందే తెలిసి ఉన్నచోట సిఫారసుకు పని ఉండదు.

కొన్ని సంవత్సరాల కిందట నా పాత విద్యార్థి ఒకరు నన్ను చూడటానికి వచ్చారు. మదరసాలో నాలుగేళ్ళు చదివి, తర్వాత వ్యాపారంలో పడి, ఒక పట్టణంలో వార్డు కౌన్సిలరుగా గెలిచిన మనిషి. మంచివాడు, నమాజు తప్పనివాడు. కూర్చున్న కాసేపటికి అసలు సంగతి చెప్పాడు. ‘హజ్రత్, వచ్చే సమావేశంలో కొన్ని భూముల వినియోగ మార్పిడి తీర్మానం ఉంది. అందులో నా బావమరిదిది రెండెకరాలు ఉంది. నేను ఒక్క రూపాయి తీసుకోలేదు, తీసుకోను కూడా. ఆ భూమి నిజంగానే ఇళ్ళ మధ్యకు వచ్చేసింది, మారిస్తే తప్పు లేదు. నేను చెయ్యెత్తవచ్చునా?’

‘బేటా, ఖాజీ తన తండ్రి పక్షాన, కొడుకు పక్షాన, భార్య పక్షాన తీర్పు ఇస్తే ఏమవుతుందో హిదాయాలో చదివావు కదా?’ అన్నాను.

‘చెల్లదు’ అన్నాడు.

‘ఆ తీర్పు న్యాయమైనదే అయినా?’

కొంచెం ఆగి, ‘అయినా చెల్లదు. వేరే ఖాజీ వినాలి’ అన్నాడు.

హనఫీ న్యాయశాస్త్రంలో ఆ సూత్రం స్పష్టంగా ఉంది. ఎవరి పక్షాన ఒకరి సాక్ష్యం చెల్లదో వారి పక్షాన అతడి తీర్పూ చెల్లదు. ఖాజీ కానుకల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కనిపిస్తుంది. పదవి రాకముందు నుంచీ ఇచ్చిపుచ్చుకునే అలవాటున్న వారి దగ్గర, దగ్గరి బంధువుల దగ్గర తప్ప కానుక తీసుకోరాదు. వారికీ తన ముందు వ్యాజ్యం ఉంటే అదీ కూడదు. ఈ నియమం వెనుక జకాత్ వసూలుకు వెళ్ళివచ్చిన ఒక ఉద్యోగి ఉదంతం ఉంది. ఇది మీ సొమ్ము, ఇది నాకు వచ్చిన కానుక అని అతడు రెండు కుప్పలు పెట్టాడు. అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సఅసం) మింబరు మీది నుంచి అందరి ఎదుట ప్రశ్నించారు. పదవిలో ఉన్నవారికి ఇంతకన్నా సూటి అయిన గీటురాయి నాకు తెలియదు. ఈ కుర్చీ లేకపోతే ఈ మర్యాద, ఈ భాగస్వామ్యం, ఈ చవక ప్లాటు నా ఇంటికి వచ్చేదేనా?

బావమరిది ఖాజీకి సంబంధించిన ఆ జాబితాలో లేడని నా శిష్యుడు వాదించలేదు, అది అతని మంచితనం. కానీ మరొక మాట అన్నాడు, అది బరువైనదే. ‘నేను బయటికి నడిస్తే లోపల మిగిలే వారిలో సొంత భూములు ఉన్నవారు ఇంకా ఉన్నారు. వారు నడవరు. నిజాయితీపరుడు లేచిపోవడం వల్ల మా వార్డుకే గొంతు లేకుండా పోతుంది కదా?’

అప్పుడు మన సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన క్రైపాక్ తీర్పు గురించి చెప్పాను. న్యాయవాది అయిన ఒక మిత్రుని ద్వారా తెలుసుకున్న సంగతి అది. జమ్మూ కాశ్మీరులో అటవీ సర్వీసుకు అధికారులను ఎంపిక చేసే మండలిలో ఒక అధికారి సభ్యుడు. ఆ ఉద్యోగానికి అతడే అభ్యర్థి కూడా. తన పేరు చర్చకు వచ్చినప్పుడు అతడు బయటికి వెళ్ళాడు. పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు, జాబితా సిద్ధం చేస్తున్నప్పుడు మాత్రం కూర్చున్నాడు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఎంపికను కొట్టివేసింది. అతడు నిజంగా పక్షపాతం చూపాడా అన్నది తేల్చడం దుర్లభం. పక్షపాతానికి సహేతుకమైన అవకాశం ఉన్నదా అన్నదే చూడాలని కోర్టు భావించింది. పాలనా నిర్ణయాలలోనూ సహజన్యాయం పాటించాలని చెప్పిన ముఖ్యమైన తీర్పులలో ఇది ఒకటి.

కాబట్టి అరనిమిషం వరండాలో నిలబడి రావడం సరిపోదు. బావమరిది భూమి ఒక్కటే కాదు, దానితో పోటీపడే భూములు, దాని పక్కగా వెళ్ళే రోడ్డు, అన్నింటిలోనూ అతడు పక్కకు తప్పుకోవాలి. లోపల ఓటు వేయకుండా బయట ఫోన్లు చేయడం కూడా కూడదు. ఇక వార్డు గొంతు మాట. తనకు సంబంధం లేని సర్వే నంబర్ల మీద తీర్మానాన్ని వేరుగా పెట్టమని కోరవచ్చు. తన సంబంధాన్ని మినిట్స్‌లో రాయించవచ్చు. అలా రాయించిన మనిషి ఒక్కడున్నా మిగతావారు మౌనంగా చెయ్యెత్తడం కష్టమవుతుంది. గొంతు పోవడం అటుంచి, అక్కడే అతని మాటకు బలం వస్తుంది.

అతడు అలాగే చేశాడు. తీర్మానాన్ని విడదీయమన్న కోరికను ఎవరూ పట్టించుకోలేదు, అది మొత్తంగా నెగ్గింది. బావమరిది భూమి రంగు కూడా మారింది. అయినా మామగారి ఇంట కొంతకాలం అతనితో మాటలు లేవు. ‘సొంతవాళ్ళకు పనికిరాని పదవి ఎందుకు?’ అన్నారట. ఇది మనందరి ఇళ్ళలో వినిపించే మాట. పదవిలో ఉన్నవాడి మీద మొదటి ఒత్తిడి వ్యాపారి నుంచి రాదు, భోజనాల దగ్గర ఇంటివారి నుంచి వస్తుంది. సూరా నిసా 135వ ఆయతు న్యాయం మీద నిలబడమని ఆదేశిస్తూ, అది స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే అని వరుసగా పేర్కొన్నది. పరాయివాడి విషయంలో న్యాయం అంత కష్టం కాదు, అందుకే ఆ వరుస మన గడప నుంచి మొదలైంది.

గడప లోపలి సంగతి ఒకటి చెబుతాను, వివరాలు కొంత మార్చి. ఒక కుటుంబంలో తండ్రి వదిలిన మూడెకరాలు. వారసులు ఒక కొడుకు, ఒక కూతురు. షరీఅత్ ప్రకారం అతనికి రెండు, ఆమెకు ఒకటి. అతడు గ్రామపంచాయతీలో సభ్యుడు. కొత్త రోడ్డు పటం పంచాయతీకి వచ్చిన రోజు అతడు చూశాడు. మరుసటి నెలలో చెల్లెలి దగ్గరకు వెళ్ళి ఆమె ఎకరాన్ని పంటభూమి ధరకు అడిగాడు. ఆమె భర్తను కోల్పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ‘భాయీజాన్, ఇటువైపు ఏదో రోడ్డు వస్తుందంటున్నారు కదా?’ అని అడిగింది కూడా. ‘అవన్నీ ఎన్నికల మాటలు బహెన్, ఏమీ రాదు’ అన్నాడు. సంతకం చేసింది. ఏడు నెలలకు రోడ్డు రాళ్ళు పాతారు. ఎకరాలలో కొన్న భూమిని అతడు గజాలలో అమ్మడం మొదలుపెట్టాడు.

ఆమె పెద్దబిడ్డను వెంటబెట్టుకుని మదరసాకు వచ్చింది. కోర్టు అనలేదు, కేసు అనలేదు. ‘నేను అడిగాను మౌల్వీ సాబ్, అడిగినా చెప్పలేదు’ అని మాత్రమే అంది.

ఫిఖహ్‌లో బజారు తెలివికి నేరం లేదు. ధరలు పెరుగుతాయని ఊహించి కొన్నవాడు తప్పు చేసినట్లు కాదు. కానీ అబద్ధంతో నమ్మించి, ఎదుటివారికి ఘోరనష్టం కలిగేలా కొంటే మోసపోయినవారికి క్రయాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంది. హనఫీ సూత్రాలను క్రోడీకరించిన ఉస్మానియా కాలపు ‘మజల్లా’ కూడా దీనిని నియమంగా పేర్కొన్నది. ఇక్కడ ప్లాట్లు అప్పటికే ఇతరుల పేర రిజిస్టరు అవుతున్నాయి. క్రయాన్ని వెనక్కి తిప్పడం సాధ్యం కాలేదు. సుల్హ్ ఒక్కటే దారి. ఇరుపక్షాల పెద్దలను కూర్చోబెట్టి మూడుసార్లు మాట్లాడాము. మొదటి రోజు అతడు, ‘తెలిసినది నాకు, తెలివి నాది’ అన్నాడు. ఆ పటం ప్రజల సొమ్ముతో గీసినది, దానిని అతడికి చూపించినది అతడి ముఖం చూసి కాదు, అతడి కుర్చీ చూసి అని పెద్దలలో ఒకరు అన్నారు. ఆ మాట అతనిలో ఎక్కడో తగిలింది. మూడవ రోజు కొంత సొమ్ము, రెండు ప్లాట్లు ఆమె పేర రాయడానికి ఒప్పుకున్నాడు. రాసి ఇచ్చాడు కూడా. ఆస్తి తేడా చాలావరకు పూడింది. కానీ ఈద్ రోజున ఆమె పిల్లలు మామయ్య ఇంటికి ఇంకా వెళ్ళడం లేదు. దానిని పూడ్చే సుల్హ్ నా దగ్గర లేదు.

మన సొంత సంస్థలను కూడా ఈ అద్దంలో చూసుకోవాలి. వక్ఫ్ భూములు ఆక్రమణలకు గురవుతున్నాయని మనం బాధపడతాము, అది న్యాయమైన బాధ. అదే సమయంలో మసీదు దుకాణాల అద్దెలు ఎవరికి, ఎంతకు ఇస్తున్నామో కూడా చూడాలి. వక్ఫ్ ఆస్తిని ముతవల్లీ తనకు తానే లీజుకు ఇచ్చుకోరాదని మన ఫుఖహా ఏనాడో చెప్పారు. కమిటీ సభ్యుడి తమ్ముడు పదేళ్ళ కిందటి అద్దెకే మూల దుకాణంలో కూర్చుని ఉంటే, మున్సిపాలిటీ పటంలోని వంకరను వేలెత్తి చూపే బలం మనకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఉమర్ (రజి) కుమారులు ఇద్దరు ఇరాక్ నుంచి తిరిగివస్తుండగా బస్రా గవర్నరు అబూ మూసా (రజి) మదీనాకు పంపవలసిన ప్రజాధనాన్ని వారికి అప్పుగా ఇచ్చి, సరుకు కొని మదీనాలో అమ్ముకోమన్నారు. అసలును చెల్లించి లాభం ఉంచుకోవచ్చునన్నారు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఈ ఉదంతం ఉంది. సైన్యంలో అందరికీ ఇలాగే అప్పు ఇచ్చాడా అని తండ్రి అడిగారు. లేదన్నారు. ఖలీఫా కుమారులు కాబట్టే ఇచ్చాడు, అసలుతో పాటు లాభమూ తెమ్మన్నారు. చివరకు సభలో ఒకరి సూచన మేరకు లాభంలో సగం బైతుల్ మాల్‌కు చేరింది. ఆయన అడిగిన ఆ ప్రశ్నను ప్రతి ఇంట్లో పిల్లలకు నేర్పాలని నా కోరిక. ఒక సౌకర్యం మన గుమ్మంలోకి నడిచి వచ్చినప్పుడు, ఇది అందరికీ ఇలాగే ఇచ్చారా అని ఆగి అడగాలి. జవాబు లేదని వస్తే, ఆ సౌకర్యం మనది కాదని తెలుసుకోవాలి.

ఇక సాధారణ కుటుంబాలు చేయగలిగిన పనులు ఉన్నాయి. మీ పట్టణంలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ గానీ, భూవినియోగ మార్పిడి ప్రకటన గానీ వెలువడినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోపే వెళ్ళి పటం చూడండి. మీ ఇంటి సర్వే నంబరుతో పాటు మీ వీధి, ఖబరస్తాన్, చెరువు, పిల్లలు ఆడుకునే స్థలం ఏ రంగులో ఉన్నాయో చూడండి. అభ్యంతరం ఉంటే సర్వే నంబరు వేసి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. లేఅవుట్‌లో ప్లాటు కొంటే ఉమ్మడి అవసరాలకు వదలవలసిన పది శాతం స్థలం ఎక్కడ ఉందో, అది స్థానిక సంస్థ పేర రిజిస్టరు అయిందో లేదో అడగండి. గీత ఎందుకు వంగిందో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. సాధారణంగా ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ఒంటరిగా వెళ్ళకండి. వీధిలోని హిందూ సోదరులు, క్రైస్తవ సోదరులు, అందరూ కలిసి వెళ్ళండి. రోడ్డు ఎవరి మతం అడిగి వంగదు. ఆస్తి పంపకం జరిగేటప్పుడు మాత్రం పటాన్ని ఇంటి ఆడపడుచుల ముందు కూడా పరచండి. తెలిసినది చెప్పి, ఆ తర్వాతనే ధర మాట్లాడండి.

జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాడి మెడకు తీర్పుదినాన ఏడు భూములు చుట్టబడతాయని హదీసు హెచ్చరిస్తుంది. జానెడు అన్న కొలతను నేను పాఠంలో చెప్పేటప్పుడు పిల్లలు తమ చేతులు చాచి చూసుకుంటారు. మాస్టర్ ప్లాన్ పటంలో జానెడంటే ఎన్నో ఎకరాలు. ఆ జానను కొలిచే చేతులలో మన బిడ్డల చేతులూ రేపు ఉంటాయి, ఇన్షాఅల్లాహ్. వారు ఇంజనీర్లవుతారు, కౌన్సిలర్లవుతారు, సర్వేయర్లవుతారు. ఆ కుర్చీలో కూర్చున్న రోజున సొంతవాళ్ళ పని చేయలేదని మనం వారిని నిందించకుండా ఉంటే, అదే మనం వారికి ఇచ్చే పెద్ద సాయం.